బోర్డులో పట్టనిది

నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు.
పచ్చరంగు మీద తెల్ల అక్షరాలు.
మున్సిపాలిటీ వాళ్లిచ్చిన కాగితంలో ఎనిమిది వరుసలు:
సంస్థానం నాడు గుర్రాల మేతబీడు,
తరవాత తోట, ఆ తరవాత పార్కు.
సందర్శన వేళలు. ప్రవేశం అయిదు రూపాయలు.
"గుర్రాల తోట చరిత్ర అని పైన పెద్దగా,
సున్నాలు గుండ్రంగా రావాల సూరప్పడూ" అన్నాడు
శానిటరీ మేస్త్రి.

కోట గోడ దాటి ఎండ ఇంకా ఇటు రాలేదు.
నిచ్చెనెక్కాను.

గుండ్రం అంటే గుర్తొచ్చింది,
నడుమ ఆ అరుగుంది చూశారూ,
దొరల బ్యాండు మోగేదట దాని మీద.
నాకు తెలిసిన నాటికి అది రేడియో అరుగు.
దీపాలవేళ స్తంభం మీది బూర
గొంతు సవరించుకునేది.
జూట్ మిల్లు షిఫ్టు దిగినవాళ్లు
ఒంటికంటిన నార పీచుతోనే కూర్చుని
ధాన్యం ధరలు వినేవారు.
మా నాన్న మాత్రం తుపాను కబురు కోసం.
బూర పోయింది. స్తంభం ఉంది.
దాని నెత్తిన కాకి.

సిమెంటు ఎలుగుబంటి నోట్లో చెత్త వెయ్యాలి.
మా చెల్లెలు పదిపైసల బిళ్ల వేసి
మింగేసిందని ఏడ్చింది.
నలభై ఏళ్లయింది. ఇప్పటికీ ఇటొస్తే
దాని పొట్ట వైపే చూస్తుంది.

మూడో వరుస: "విశిష్టమైన వృక్షసంపద".
హుద్‌హుద్ నాడు పడుకున్న పదిహేడు చెట్లకి
ఆ మాటలో చోటుందో లేదో.
నాగమల్లి ఒక్కటీ
మోడు నుంచే మళ్లీ పూసింది, సిగ్గులేకుండా.

చీపురు ఆపి ముత్తెమ్మ వచ్చి నిలబడింది.
"ఏటి రాస్తన్నావు బావూ?"
చరిత్ర, అన్నాను.
"అయితే మా మామ్మకి అమ్మ మాట రాసినావా?
కరువులోన పెద్దచెరువు మట్టి
తట్టల్తోటి మోసి పోసినాదీ నేల.
తట్టకో గవ్వ. పొద్దుగూకి
గవ్వలు లెక్కెట్టి గంజి పోసీవోరంట.
ఓపాలి రెండు గవ్వలు దాసీసినాదని
నిలబెట్టీసినారు రేతిరి దాకా,
ఇదిగో, ఇక్కడే."

ఆమె చూపిన చోట ఉయ్యాల ఉంది.
ఒక పాప మబ్బుల్లోకి కాళ్లు చాస్తోంది.

కాగితం మళ్లీ చదివాను.
తట్ట లేదు. గవ్వ లేదు.
"సంస్థానము వారు నిర్మించిరి" అని ఉంది.
ఆ "రి"లో చాలామంది పడతారు కాబోలు.
అయినా దాన్ని కొంచెం వెడల్పుగా రాశాను.

రంగు అడుక్కొచ్చింది.
ఎప్పుడూ కింద మూలన
"సూరప్పడు ఆర్ట్స్" అని గీస్తాను,
ఫోన్ నంబరుతో సహా.
ఈసారి కుంచె అటు తిరగలేదు.
నంబరు పట్టేంత చోట్లో తట్ట బొమ్మ వేశాను,
పక్కన గవ్వ.
గవ్వ సరిగ్గా రాలేదు,
సగం మూసిన కన్నులా వచ్చింది.

మేస్త్రి వచ్చాడు, కళ్లద్దాలు సర్దుకున్నాడు.
"మూలన ఏటది?"
చెత్త తట్టలో వెయ్యమని గుర్తండి, అన్నాను.
"బాగుంది" అన్నాడు.

ముత్తెమ్మ అటు తిరిగి ఊడుస్తోంది.
భుజాలు కదులుతున్నాయి,
నవ్వుకో, చీపురుకో.