మనిషికి నలభై మాటలు

మనిషికి నలభై మాటలు.
మించితే ప్రెస్సువాడు అక్షరం సైజు తగ్గిస్తాడు,
ముందు వరసల్లోని ముసలి కళ్లు నన్ను తిట్టుకుంటాయి.
లియెపాయాలో నవంబరు. సముద్రం మీది గాలి
కిటికీ చెక్కల్ని సాయంత్రం నుంచీ ఒకే శ్రుతిలో వణికిస్తోంది.
కచేరీ పుస్తకం కోసం నా బల్ల మీద
ఎనిమిది గొంతులు, ఎనిమిది కాగితాలుగా.

గుందార్స్ రాసిచ్చాడు:
రీగాలో పట్టా, పద్నాలుగు దేశాల్లో కచేరీలు.
రాయనిది మెట్ల మీద సిగరెట్టు వెలిగిస్తూ చెప్పాడు.
పట్టాకు ముందు తొమ్మిదేళ్లు చేపల డబ్బాల ఫ్యాక్టరీలో
శీతల గది యంత్రం పక్కన రాత్రి షిఫ్టు.
అది తెల్లవార్లూ ఒకే మంద్రం పట్టుకుని మూలిగేదట.
"దాని కింద ఇంకో మెట్టు ఉందేమోనని
ఒక రాత్రి కాలు పెట్టి చూశాను.
ఉంది."
ఇవాళ అతనికి జీతం ఆ మెట్టు మీదే.
ఎంత తోమినా వేళ్లకు పొగబెట్టిన చేప వాసన
చాన్నాళ్లు వదల్లేదనీ, అది మాత్రం వెయ్యొద్దనీ అన్నాడు.
వెయ్యలేదు.
ముప్పై ఎనిమిది మాటలు. రెండు మిగిలాయి.

విజ్మ కాగితం నిండా బంగారు పతకాలు.
ఒపెరాలో ఆరేళ్లు నాయిక;
రాత్రికో సారి మూడో అంకంలో చచ్చిపోయి
లేచి పూలగుత్తులు అందుకునేది.
ఇక్కడికొచ్చిన మొదటి రోజు బృంద నాయకుడన్నాడు:
"విజ్మా, నువ్వు వినిపిస్తున్నావు."
మెచ్చుకున్నాడనుకుని నవ్విందట.
పక్క గొంతులో కరిగి కనబడకుండా పోవడానికి
నాలుగేళ్లు పట్టింది.
దానికెవరూ పతకం ఇవ్వలేదు,
అందుకని పుస్తకంలో దానికి వాక్యమూ లేదు.

ఇంగూనవి, తాలివాల్దిస్‌వి విడివిడిగా వచ్చాయి.
నిరుడు రెండూ ఒకే కవర్లో వచ్చేవి.
ఇల్లు అమ్మేశారు, కుక్కను వారానికొకరు వంతులేసుకున్నారు.
వేదిక మీద మాత్రం పక్కపక్కనే.
ఒకటిన్నర నిమిషం తెగకూడని దీర్ఘస్వరంలో
ఆమె ఊపిరి తీసుకునేటప్పుడు అతను పట్టుకుంటాడు;
అతనికి గాలి అయిపోయే క్షణం
భుజం చూడకుండానే ఆమెకు తెలుస్తుంది.
లాయర్లకు అంతుపట్టని ఆస్తి అదొక్కటే,
పంచమంటే ఎలా పంచుతారు?

మరో ముగ్గురు చక్కగా రాసిచ్చారు,
వాళ్ల గురించి చెప్పడానికేం లేదు.

ఆఖరున స్కైద్రీతె. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు.
కాగితం మీద ఒకే వాక్యం: 'మధ్య స్వరం పాడతాను.'
ఫోన్ చేసి బతిమాలాను, ఇంకేదైనా చెప్పమని.
"ఏం చెప్పమంటావ్? కొన్ని రాత్రులు
నా వరసలో ఉండేవి మూడే స్వరాలు.
మొన్న బంగాళాదుంపలు తరుగుతూ
నా భాగం మొత్తం పాడుకున్నాను.
అయ్యాక మనవడు అడిగాడు,
అమ్మమ్మా, పాట ఎప్పుడు మొదలుపెడతావని."

నలభై మాటలూ నేనే అల్లాను.
ప్రెస్సులో ఎక్కడ జారిపోయాయో!
నాలుగు వందల ప్రతుల్లోనూ
ఆమె ఫొటో, కింద అరచెయ్యంత తెల్ల కాగితం.
క్షమాపణ మూటగట్టుకుని వెళ్లాను.
కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.
"బాగుంది. అందరికన్నా నాకే ఎక్కువ జాగా ఇచ్చావు."

ఆ రాత్రి చర్చిలో స్తంభం పక్కన నిలబడి
ఆమె ఒక్కదాన్నే వినాలని చూశాను.
దొరకలేదు.
అటు చెవి పెడితే విజ్మ అంచు తగిలేది,
ఇటు పెడితే తాలివాల్దిస్.
రెండో పాట నడుమ, దగ్గు ఆపుకోవడానికి కాబోలు,
స్కైద్రీతె పెదాలు ఒక్క క్షణం మూసింది.
గుందార్స్ మెట్టు ఎక్కడో పాతాళానికి దిగిపోయింది,
విజ్మ పైకప్పు దూలాల్లో చిక్కుకుంది,
మధ్యన తలుపు తెరిచినట్టు చలి.

మరుక్షణం మూసుకుంది. ఎవరూ తల తిప్పలేదు.
ముందు వరసలో ఒక ముసలావిడ మాత్రం
పాట మీంచి కళ్లు తియ్యకుండానే
కోటు పై బొత్తాం పెట్టుకుంటోంది.