తివాచీ మీద టేపు గుర్తులు

మా డ్రమ్మర్ డిల్విన్ నిచ్చెన మీంచి పడి
మణికట్టు విరగ్గొట్టుకున్న వారం
స్వాన్సీలో వాన ఆగలేదు.
గురువారం పబ్బులో మా బ్యాండు.
ఎనభై పౌండ్లకి ఒకావిడ వస్తుందన్నారు, మార్గెడ్ ట్రెహార్న్,
నలభై ఏళ్ళుగా ఓడల మీద, పెళ్ళిళ్ళలో, ఓసారి సర్కస్‌లో,
డబ్బు తీసుకునే వాయించిన మనిషి.

ఫోనులో మూడే అడిగింది:
ఎన్నింటికి, వ్యాన్ ఎక్కడ ఆపాలి, పాటల జాబితా ఏది.
ఏ పాటంటే మాకు ప్రాణమో చెప్పబోతే
"అది అక్కడ వింటాను" అంది.

ఆరింటికనుకున్నాం. నేను ఆరూ ఇరవైకి,
ఎమ్రిస్ ఏడుకి, గిటారు తీగలు కొనడం మర్చిపోయి.
ఆవిడ అయిదున్నరకే వచ్చి
చిరుగుల తివాచీ ముక్క ఒకటి పరిచి
దాని మీది టేపు గుర్తుల్లో ఒక్కో కాలూ దించుతూ
డ్రమ్ములన్నీ నిలబెట్టేసి,
మూల కుర్చీలో
ఇంటి నుంచి తెచ్చుకున్న గుడ్డు శాండ్‌విచ్ తింటోంది.
సౌండ్ సరిచూసే వంకతో మేం
మాకొచ్చిన ముక్కలన్నీ వాయించేసుకున్నాం.
ఆవిడ ఒక్కో డ్రమ్మునీ నాలుగేసి సార్లు కొట్టి లేచింది.

జనం తొమ్మిది మంది.
ఇద్దరు మావాళ్ళ పెళ్ళాలు.
ఒకాయన క్విజ్ ఉందనుకుని వచ్చాడు.
"ఎవరూ లేరుగా, సరదాగా కానిద్దాం" అన్నాడు కార్విన్.
నల్లచొక్కా పై గుండీ పెట్టుకుంటూ ఆవిడ
"రానివాళ్ళ మీది కోపం
వచ్చినవాళ్ళ మీద తీర్చుకోకూడదు" అంది.

మొదటి పాటకి ముందు మైకు పట్టుకుని
ఇది మంగళవారమే నేర్చుకున్నాం, తప్పులుంటే మన్నించాలి అన్నాను.
రెండో పాటకి ముందు మళ్ళీ.
మూడోసారి నోరు తెరిచేలోగా
వెనక నుంచి కర్రలు నాలుగు లెక్కపెట్టేశాయి.
మన్నింపు గొంతులోనే ఉండిపోయింది,
వేళ్ళు వెళ్ళి పాటలో పడ్డాయి.

పదహారేళ్ళుగా నేను డిపోలో బస్సులకి బ్రేకులు బిగిస్తున్నాను.
ఎక్కబోయే ఏ ముసలమ్మతోనూ
"మంగళవారమే నేర్చుకున్నానండీ" అనలేదే!

నాలుగో పాటలో ఆవిడే ఒక దెబ్బ జార్చింది.
నేను విన్నాను.
రెండో చరణంలో సరిగ్గా అక్కడే
కావాలని మళ్ళీ జార్చింది.
క్విజ్ ఆయన మెచ్చుకోలుగా తలూపాడు.
నేనైతే ఆ తప్పుని మొహమంతా పూసుకుని
పాటయ్యేదాకా తిరిగేవాణ్ణి.

ఆరో పాటలో ఎమ్రిస్ సోలో మధ్య దారి తప్పి
ఎక్కడున్నాడో తెలీక పకాలున నవ్వాడు.
కార్విన్ నవ్వాడు. నేనూ.
ఒకళ్ళ చొక్కా ఒకళ్ళు పట్టుకుని ఏరు దాటినట్టు
ఎలాగో గట్టెక్కాం.
తాళం ఇసుమంతైనా కదల్లేదు గానీ
ఆవిడ తలెత్తి చూసింది,
ఊరందరికీ వండిపెట్టి, వాసనకే కడుపు నిండిపోయిన మనిషి
పక్కింటి పిల్లలు మాడుగిన్నె గీక్కుని తింటుంటే చూసినట్టు.

పదకొండింటికి కవరిచ్చాను. నా ఎదుటే లెక్కపెట్టుకుంది.
సగం నా జేబులోవని చెప్పలేదు.
"మీకేం మిగిలింది?" అంది.
"మేం ఇష్టంకొద్దీ వాయిస్తాం."
కాస్త గొప్పగానే అన్నాను.
"నేనూ అలాగే మొదలెట్టాను" అంటూ
ఇత్తడి పళ్ళేల్ని ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి
సంచీ జిప్పు లాగింది.
"ఇష్టం లేని రోజు ఏం చేస్తారు?"
"వాయించం."
"అదీ" అంది.
పొగడ్తో, ఎత్తిపొడుపో,
వాన చప్పుడులో తేలలేదు.

తివాచీ చుట్ట వ్యాన్ దాకా నేనే మోశాను.
వీధి దీపం కింద ఓ అంచు విడితే చూశాను,
టేపు మీద టేపు, ఊడినచోట జిగురు మరక,
ఒక జత గుర్తులు మరీ దగ్గరదగ్గరగా,
ఏ ఇరుకు ఓడలోవో.

ఆరు వారాలకి డిల్విన్ కట్టు విప్పుకుని గరాజ్‌కి వచ్చాడు,
గంట ఆలస్యంగా, రెండు చేతులా బీరు డబ్బాలతో.
అప్పటికే నేను సిమెంటు నేల మీద
నా పాదాల చుట్టూ టేపు అంటించుకుని ఉన్నాను.
"శవం చుట్టూ పోలీసులు గీసినట్టుంది" అన్నాడు ఎమ్రిస్.
అందరం పడీపడీ నవ్వాం.
నేను గీత లోపలే నిలబడి నవ్వాను.