జాకెట్టు, రాకెట్టు

కొర్లగుంటలో మిషను పక్కన
దారపుండల డబ్బాకి ఆనించి ఫోను నిలబెడతా.
వచ్చినోళ్లు దాని వైపు మాట్లాడాల.
అది విని రాస్తాది, నేను చదువుకుంటా.

మొదట్లో అందరూ వంగి వంగి అరిచేది,
ఫోనుకే చెముడన్నట్టు.
"మెల్లిగా. దానికి చెవులుండాయి" అని
పలక మీద రాసి తగిలించినా.
చదివి నవ్వినారు. తెర మీద 'నవ్వు' అని పడింది.
నాకెప్పుడో తెలుసు. ఫోనుకే ఇప్పుడు తెలిసింది.

మా పక్క మాట దానికింకా పట్టుబడలేదు.
"జాకెట్టు బిర్రుగా ఉండాది, రోంత వదులు చెయ్ మే" అంటే
"రాకెట్టు బర్రెగా ఉంది, రొంప వదులు" అని రాస్తాది.
"బెరీన కావాల" అంటే బీరకాయ కావాలంటాది.
పెదాల్లో సగం, తెర మీద సగం,
మిగిలింది చంక కింద పిగిలిన కుట్టే చెప్తాది.

గంగజాతర వారం.
కొక్కేనికి పద్దెనిమిది జాకెట్లు,
కంటికి నిద్ర లేదు.
దామినేడు నుంచి పరిమళమ్మ, తోడు వాళ్ల వదిన.
కొలతలిచ్చింది. వీపు మీద కుండ మెడ కావాలంది.
నేను సుద్దతో గీస్తా ఉంటే
వదిన పక్కకు తిరిగి గొణిగింది.
ఫోనుకు గొణుగుడైనా అరుపైనా ఒకటే.
"చెవిటిదానికిచ్చి గుడ్డ పాడు చేసుకునేదెందుకు?"

జాకెట్టును రాకెట్టు చేసే మొద్దు ఫోను,
ఆ ఒక్క మాట మాత్రం
అచ్చుతప్పు లేకుండా.

కత్తెర ఆపలేదు. గీత దాకా కోసినా.
అప్పుడు, చిటికెన వేలితో,
డబ్బాను రోంత ఆమె వైపు జరిపినా.

చదివింది.
చానాసేపు తెర మీద ఏమీ పడలేదు.
తర్వాత 'రైలు'.
తర్వాత 'దగ్గు', అది వాళ్ల వదినదే.

తప్పయిందని అంటుందేమో అనుకున్నా.
అనలేదు. లైనింగు సంగతి ఎత్తింది.
తెర మీద:
"లైనింగు తెల్లది 1000."
అంతా అని నేను కనుబొమలెగరేస్తే
కంగారుగా చేతులూపింది:
"అయ్యో 1000 కాదు, 1000! లోపల 1000!"
చదువుకుని, తలపట్టుకుని,
గుడ్డ తీసి రవిక లోపల పెట్టి చూపించింది.
ఈ పని ముందే చేసుంటే పోయేది కదా.

'నవ్వు' అని పడింది.
ఎవరు మొదలుపెట్టిందీ ఫోను రాయలేదు.
నాకు తెలుసు.

మంగళవారం పొద్దున్నే వచ్చి తీసుకుపోయింది.
వీధిలో పలకలు మోగతా ఉండాయి.
ఫోను 'సంగీతం' అని ఊరుకుంది,
నా అరికాలికి మాత్రం పెడలు మీద
దెబ్బదెబ్బా లెక్కకొచ్చింది.

తెర మీది మాటలు మూడు దినాలకు
వాటంతటవే చెరిగిపోతాయి.
ఆ జాకెట్టు కుట్టు లోపల
రెండు వేళ్ల గుడ్డ వదిలిపెట్టినా,
వచ్చే జాతరకు బిర్రయితే
విప్పుకునేదానికి.