గురువారం చెత్తబండి

నిజం చెప్తే పోయేదేముంది,
డబ్బు కోసమే ఒప్పుకున్నాను.
కప్పు కారుతోంది. ప్రిన్స్ రూపర్ట్‌లో వాన
చుట్టపుచూపుగా రాదు, మకాం వేస్తుంది.
చేపల ఫ్యాక్టరీ మూతపడ్డ ఏడాది అది.
మేడమీద గది ఖాళీగా ఉంది,
నేనూ కొంచెం అలాగే ఉన్నాను.

ఫైలు పట్టుకుని డెలోరిస్ వచ్చింది.
పేరు వెండెల్. వయసు యాభై ఎనిమిది.
మందులు ఇవి, మూర్ఛ వస్తే ఇలా చెయ్యాలి,
గట్టి చప్పుళ్లు పడవు, బీట్‌రూట్ పడదు.
ఇప్పటికి ఏడిళ్లు మారాడని
ఆఖర్న, నేను సంతకం పెట్టాక చెప్పింది.

ఒక సూట్‌కేసు. ఒక రేడియో,
వెనక మూత లేదు, బ్యాటరీలు టేపుతో అతికించి.
గుమ్మంలో నిలబడి బూట్లు విప్పొచ్చా అన్నాడు.
నీళ్లు తాగొచ్చా. కిటికీ తియ్యొచ్చా.
పైకి వెళ్లొచ్చా. లైటు ఆర్పొచ్చా.
అన్నీ అడగక్కర్లేదయ్యా అంటే
సరేనని తలూపి
"ఇప్పుడు నీళ్లు తాగొచ్చా" అన్నాడు.

చిన్నప్పుడు తనుండిన చోట
ఒక్క హాల్లో నలభై మంచాలట.
తువ్వాలు మీద పేరుండేది కాదట, నంబరు.
అందుకే కాబోలు
ఇప్పటికీ మడత పెడితే అంచుకి అంచు
కొలిచి కోసినట్టు కలుస్తుంది.
నా తువ్వాళ్లు కూడా మడిచిపెట్టాడు.
నేను వద్దనలేదు.
అది తప్పో ఒప్పో ఇంకా తేల్చుకోలేదు.

రోజూ పడుకోబోయే ముందు మెట్ల మీంచి
"రేపు కూడా ఇక్కడేనా?"
"ఇక్కడే."
"సరే."
ఉతికిన చొక్కా పైకి పట్టుకెళ్లి
మళ్లీ సూట్‌కేసులోనే పెట్టి జిప్పు లాగేవాడు.
ఆ చప్పుడు నాకు కిందికి వినబడేది.

నేనేం దేవతను కాను.
ఒకరోజు మూడు గంటలసేపు రేడియోలో
ఓడల వాళ్ల వాతావరణం ఒక్కటే,
గాలి ఆగ్నేయం, అల రెండు మీటర్లు,
గాలి ఆగ్నేయం, అల రెండు మీటర్లు,
ఆపు! అని అరిచాను.
ఆపేశాడు.
ఆపి, కోటు వేసుకుని, సూట్‌కేసు పట్టుకుని
గుమ్మం దగ్గర నిలబడ్డాడు, కారు కోసం.
ఎవరూ కారు పంపలేదని నమ్మించేసరికి
చీకటి పడింది.
ఆ రాత్రి ఇద్దరం కూర్చుని
వాతావరణం మళ్లీ మొదట్నుంచీ విన్నాం.

ఫిబ్రవరిలో, రాత్రి రెండు దాటాక
మెట్లు కిర్రుమన్నాయి.
ఫ్రిజ్ తలుపు. గోడ మీద సన్నటి వెలుగు.
చీజ్ కాగితం విప్పుతున్న చప్పుడు,
తాపీగా, ఇంటివాడు విప్పినట్టు.
నేను కదల్లేదు.
నిద్రపోతున్నదానిలా ఊపిరి తీశాను.
పొద్దున చూస్తే సగానికి సగం లేదు.
దాని గురించి ఇద్దరం మాట్లాడుకోలేదు.

డెలోరిస్ ఫారంలో ఒక గడి ఉంటుంది:
ఈ మూడు నెలల్లో సాధించిన ప్రగతి.
"చీజ్" అని రాసి పంపాను.
ఏంటిదని ఫోన్ చేసింది. చెప్పాను.
అవతల కాసేపు ఏమీ వినబడలేదు.

చెత్తడబ్బా పని మాత్రం తనే అడిగి తీసుకున్నాడు.
మా వీధిలో బొంతకాకులు మూతలు లేపేస్తాయి.
మూత మీద రాయి పెట్టాలి,
బండి మలుపు తిరగ్గానే తీసెయ్యాలి.
ఆ రాయి కోసం సముద్రపొడ్డున
మూడు ఆదివారాలు వెతికాడు.
బండి నడిపే ఆంబ్రోస్ మా ఇంటి ముందు హారన్ కొట్టడు,
చెయ్యూపుతాడు.
చప్పుళ్లు పడవని వెండెలే చెప్పుకున్నాడట, తనంతట తాను.

మొన్నొక బుధవారం
మెట్ల మీద అడుగులు, పైన తలుపు, అంతే.
ప్రశ్న రాలేదు.
గిన్నెలు తుడుస్తూ ఆగాను.
తుడిచిన గిన్నెనే మళ్లీ తుడిచాను.
ఒంట్లో బాగాలేదా, నా మీద కోపమా?
పైకి వెళ్లి తలుపు తట్టాను.
తట్టాలి, అది అతని గది.

"వెండెల్, రేపు కూడా ఇక్కడేనా?"
నోట్లోంచి అదే వచ్చింది.

దుప్పట్లోంచి విసుగ్గా,
"రేపు గురువారం, మార్గిట్.
నేను లేకపోతే రాయి ఎవరు తీస్తారు?
లైటు ఆర్పేసి వెళ్లు."