రాజుల తోటల పెత్రమాస

చాందాల అంచలేశ్వర్ దర్వాజ దాటంగనే
ఆటోల మోత తెగుతది,
మిషన్ మీద దారం తెగినట్టు.
లోపల గోండు రాజుల సమాధులు.
గుమ్మటాల మీద పావురాలు.
మొన్నటి వానకు గడ్డి కొత్తగ లేచింది.
రాజధాని పోయి ఎన్నేండ్లాయెనో గని
రాజులు మాత్రం ఇల్లు ఖాళీ చెయ్యలే.

నేను రాజుల కోసం రాలే.
ఇయ్యాల పెత్రమాస.
సంచిల బియ్యం, పప్పు, నాలుగు బెండకాయలు,
చింతపండు ఉండ,
బాపుకు ఇష్టమని ఒక బీడీ కట్ట.

బాపు పేరు కొలిపాక ఓదేలు.
పెద్దపల్లి దిక్కు నుంచి బల్లార్షా రైలెక్కి వచ్చి
ఇరవై ఆరేండ్లు బొగ్గుబాయిల తట్ట మోసిండు.
ఆయనను పెట్టిన బొందలగడ్డ బస్తీ అవుతల,
రెండు తుమ్మచెట్ల నడుమ.
తలాపున రాయి నేనే పాతిన.
సున్నంతోని తెలుగుల పేరు రాసిన,
ఆ దారిల చదివెటోళ్లు
మేకలు తప్ప ఎవరూ లేకున్నా.

కంపెనీ నోటీసు అంటిచ్చింది, మరాఠీల.
ఓపెన్ కాస్ట్ పెద్దగైతది, గడ్డ పోతది,
ఎముకలు తీసుకపోయెటోళ్లకు పదిహేను రోజులు.
ఆ పదిహేను రోజులు నా ఇంట్ల
ఇస్కూలు పిల్లల నూట నలభై నిక్కర్లు.
కాజాలు కుట్టి, గుండీలేసి, మూటగట్టి ఇచ్చి
పోయిన.
పదహారో రోజు.

తుమ్మచెట్లు లేవు.
డంపర్లు వరుసగ వచ్చి
బాయి కడుపుల మట్టి తెచ్చి గుట్ట పోస్తున్నయి.
బతికినన్నాళ్లు మట్టి కిందికి దిగి బొగ్గు తీసినోడు
ఇప్పుడు ఆ బొగ్గు మీది మట్టి కింద.

అప్పటి సంది ఇక్కడికే వస్తున్న.
ఎందుకంటే చెప్పరాదు.
సమాధి అన్నది ఒకటి కండ్ల ముందట ఉండాలె,
ఎవరిదైతేంది.
పెద్ద గుమ్మటం పక్కన చిన్నదొకటి ఉన్నది,
పేరు లేదు, పలక లేదు.
రాణిదో, పురిట్ల పోయిన బిడ్డదో,
గుర్రానికి గడ్డేసిన మనిషిదో.
దాని ముందట కూసుంట.

జంగూ మడావి ఇక్కడ రోజుకూలి,
ఆకులు ఊడుస్తడు, గడ్డి కోస్తడు.
"మా రాజులే, బాయీ" అంటడు నవ్వి,
"ముత్తాతల ఇల్లు ఊడ్వనీకి నాకు పైసలిస్తరు,
అదీ రెండు నెలలకోసారి."
తిండి సామాను తేవద్దని బోర్డున్నది.
నా సంచి చూసిండు, బోర్డు చూసిండు,
బకెట్ పట్టుకొని గులాబీలకు నీళ్లు పోయ పోయిండు
అటుదిక్కు,
చానాసేపు.

మోదుగ విస్తరిల బియ్యం పోసిన.
బాపూ అని పిలువబోయి ఆగిన.
ఇంకెవలన్న పలికితే?
ఎన్నడూ ఎవరూ మాకు పెట్టలేదని
ఆ పేరు లేనోళ్లు చెయ్యి చాపితే?
ఇంకో పిడికెడు పోసిన.

రెండు గంటలకు బ్లాస్టింగ్.
ఎక్కడో దూరం నేల దగ్గింది.
పావురాలన్నీ ఒక్కపారి లేచినయి.
విస్తరిల గింజలు కదిలినయి.
రాజుకు, నాకు, ఆ చిన్న సమాధికి
ఒకటే అదురు.
జంగూ గోడ మీద చెయ్యి ఆనిచ్చి అన్నడు:
"పోయినేడు ఈ పగులు లేకుండె."

పగుల్ల గునుగు మొలిచింది, జానెడంత.
పీకెయ్యమని సాయెబు హుకుం.
పీకిండు గని పారెయ్యలే.
"ఇయ్యాల సందేల మీ ఆడోళ్ల పూల పండుగ గదా"
అని వేళ్లతో సహా నా చేతిల పెట్టిండు.

బీడీ కట్ట సంచిలనే ఉండిపోయింది.
ఎవరి ముందట పెట్టాల్నో తెలువక
జంగూకు ఇచ్చిన.
గేటు బయటికి పోయి ఒకటి ముట్టిచ్చుకున్నడు,
బాపు లెక్కనే ఎడమచేత్తోని,
అరచెయ్యి అడ్డం పెట్టి,
గాలి లేకున్నా.