మూడో నంబరు యంత్రం

రాటర్‌డామ్ నుంచి నలభై ఆరు స్లైడ్లతో వచ్చాను.
బోత్నియా తీరం, కొస్కిలహ్తి, ఫిబ్రవరి.
గడ్డకట్టిన సముద్రం మీద కార్లు నడుస్తున్నాయి.
ఊరంతా ఉడికిన చెక్క వాసన.
దాన్ని వాళ్ళు జీతం వాసన అంటారని
తర్వాతెప్పుడో తెలిసింది.

మిల్లు కాంటీన్‌లో కుర్చీలు వేశారు.
చెప్పాను:
పేపరు చదివేవాళ్ళు తగ్గిపోయారు,
పెట్టెలు విప్పేవాళ్ళు పెరిగారు,
మూడో నంబరు యంత్రం ఇకమీదట
న్యూస్‌ప్రింట్ మాని అట్ట తీస్తుంది,
ఈ మార్పు మనందరిదీ.
నా బాణాలన్నీ పైకే చూస్తున్నాయి.
"ప్రశ్నలున్నాయా?"

నూట తొంభై మంది.
బూట్లకంటిన మంచు కరిగి
నేల మీద చిన్న చిన్న మడుగులు కట్టేదాకా
ఒక్కరూ నోరు మెదపలేదు.

మౌనం అర్ధాంగీకారం.
మా అమ్మా ఆ మాటే అనేది.
మిగతా సగం నేనే అతికించి
రిపోర్టులో రాశాను:
వ్యతిరేకత – లేదు.

అక్టోబరులో అట్ట మొదలైంది.
తెగింది.
మళ్ళీ ఎక్కించారు. తెగింది.
షిఫ్టుకి పదకొండుసార్లు,
అదీ ఒకే చోట, రెండో ప్రెస్సు దాటీ దాటగానే.
సెన్సర్లన్నీ పచ్చగా వెలుగుతూ
అంతా క్షేమం అంటున్నాయి,
దూరపు చుట్టం రాసిన ఉత్తరంలా.
ఎవరూ ఎదురు తిరగలేదు. ఆలస్యంగా రాలేదు.
నేనిచ్చిన మాన్యువల్‌లో ఏముందో అదే
అక్షరం పొల్లుపోకుండా
కామాలతో సహా చేస్తున్నారు.
అంత భయపెట్టే విధేయతను
నేనింకెక్కడా చూడలేదు.

హెడ్డాఫీసు ఫోను చేసింది:
"సమస్య సంస్కృతిది. వర్క్‌షాప్ పెట్టండి."
రంగు చీటీలు తెప్పించి పంచాను.
మీ మనసులో ఉన్నది రాయండి అన్నాను.
రేపటి వాతావరణం రాశారు.

ఒక రాత్రి షిఫ్టుకి చీటీలు లేకుండా వెళ్ళాను.
విరామ గదిలో హిల్కా రౌతియో,
ముప్పై ఒక్కేళ్ళుగా ఆ యంత్రం పక్కనే.
బల్ల మీద ఆమె కాఫీ,
కాఫీ పక్కన మూరెడు బర్చ్ కర్ర,
ఒక కొస అరిగి అరిగి నున్నబడింది.
నేనేమీ అడగలేదు.
అడగడం అయిపోయింది నాకు.
రెండు గంటల పది నిమిషాలు.
ఆ గదిలో గడియారం కూడా
తక్కువ మాట్లాడే రకం.

కప్పు కడుక్కుంటూ, నాకు వీపు పెట్టి, అంది:
"ప్రశ్నలున్నాయా అని అడిగావు.
లేవు.
మా దగ్గరున్నవి జవాబులు."

వెంట నడిచాను.
కర్ర ఒక కొస బేరింగ్‌కి ఆనించి
నున్నటి కొస నా చెవిలో పెట్టింది.
హోరు. హోరు లోపల ఇంకో హోరు.
దాని లోపల, ఏడు లెక్కపెట్టేసరికి ఒకసారి,
పిల్లి గొంతు సవరించుకున్నంత చప్పుడు.
"ఫెల్ట్ అతుకు. పల్చటి కాగితంతో సర్దుకుంటుంది.
అట్టని మోయలేదు."
"మరి ఫిబ్రవరిలోనే చెప్పి ఉంటే–"
"ఫిబ్రవరిలో నువ్వు మాట్లాడుతున్నావు."

ఫెల్ట్ మార్చాం. తెగడం ఆగింది.
ఇక్కడితో ఆపేస్తే బాగుండేది.
ఇలాంటి కథలు పై అంతస్తుల్లో
కాఫీలోకి బాగా నంజుకుంటారు.
కానీ ముప్పై తొమ్మిదో స్లైడు
ఉన్నచోటే ఉంది:
నూట తొంభై, బాణం, నూట ఇరవై ఎనిమిది.

అరవై రెండు పేర్లు నేనే చదివాను,
తెర లేకుండా, ఒక్కో పేరు తర్వాత ఆగి.
ఒక పేరు తప్పు పలికాను.
ఔలిస్ లేచి, సరిచేసి,
మళ్ళీ కూర్చున్నాడు.
హిల్కా పేరు అందులో లేదు.
ఆమె చెవి నేర్పుతున్న కుర్రాడు
వైనో పేరుంది.
పేర్లు ఏరింది వయసు, జీతం, నైపుణ్యం అనే మూడు గడులు.
వినడానికి గడి లేదు.

వైనో వెళ్తూ వెళ్తూ
తను చెక్కుకుంటున్న కొత్త కర్ర,
ఇంకా గరుకుగానే ఉన్నది,
నా బల్ల మీద పెట్టాడు.
ఏమీ అనలేదు.

ఆ మౌనంలో సగం ఎంతో
నాకిప్పటికీ లెక్క తేలలేదు.
ఈసారి రిపోర్టులో
ఆ గడి ఖాళీగా వదిలాను.
రెండు రోజులకు హెడ్డాఫీసు అడిగింది,
మరిచిపోయారా అని.