మూఢం జీతం

శుక్రుడు మునిగిండని పంచాంగంల రాసిన నాడే
భోలక్‌పూర్ గల్లీల మా మగ్గాలకు పని బందైతది.
పెండ్లిళ్లు లేవు, పట్టుజాకెట్లు లేవు.
కట్టెచట్రానికి బిగించిన గుడ్డ మీద
సగం కుట్టిన నెమలి
మెడ దాకా వచ్చి ఆగిపోయింది.

పనిల చేరిన నాడే మొయిన్‌ను అడిగిన:
జాకెట్‌కింతనా, నెలకింతనా?
సూది కొస గోటి మీద గీసుకుంట ఆలోచించిండు.
"నెలకే ఇయ్యి అక్కా, తక్కువైనా మంచిదే.
మీ మూఢం నాకెట్ల తెలుస్తది?
మా ఇంటి ఓనర్‌కైతే అసలే తెల్వది."

పదహారు వేలకు మాటైంది. కాయితం లేదు.
మాఘంల నువ్వు నన్ను ఇడిచిపోవద్దు,
మూఢంల నేను నిన్ను పొమ్మనొద్దు.
ఇది ఇద్దరం నోటితోని అనలే.

పక్క చట్రం రఫత్‌ది జాకెట్ లెక్క.
మాఘంల ముప్పై వేలు తీసుకపోయి ఫ్రిజ్ కొన్నడు.
మూఢంల అదే ఫ్రిజ్‌ను ఆటోల ఎక్కించి అమ్మొచ్చిండు.
మొయిన్ రెండుసార్లూ చూసిండు.
మొదటిసారి ఎక్కువసేపు చూసిండు.

నిరుడు మూఢం పెద్దది, నా బీరువా చిన్నది.
రెండు గాజులు తాకట్టుకు పోయినయ్.
ఒక నెల పద్నాలుగు వేలే చేతుల పెట్టి
"మిగిలింది మాఘంల" అన్న.
ఆయన లెక్కపెట్టలే, జేబుల పెట్టుకున్నడు.
లెక్కపెడితే బాగుండు.

ఇప్పుడు మాఘం.
రాత్రి రెండింటిదాకా లైట్లు, వేళ్లకు పట్టీలు.
ఆయన నెల జీతం
నాకు వారంలనే లేస్తున్నది.
ఇది దోపిడీ అంటది కాలేజీల చదివే మా బిడ్డ.
మూఢంల ఏమంటదో నేనడగలే,
అప్పుడు ఫీజు కట్టేదుంటది.

నిన్న ఫోనొస్తే మొయిన్ మెట్ల మీదికి పోయి మాట్లాడిండు.
"కొండాపూర్" అన్న మాట ఒక్కటే ఇనబడ్డది.
నేను ముత్యాలు ఏరుతున్నట్టు జేసిన.
ఏరిన ముత్యాలే మళ్ల ఏరిన.
లోపలికొచ్చి
"అక్కా, జరీ అయిపోయింది" అన్నడు.
అంతే.

రాత్రి రిజిస్టర్ తెరిచిన.
వచ్చింది, పోయింది: రెండే ఖానాలు.
ఆ రెండు వేలు ఏ ఖానల రాయాల్నో
ఏడాది సంది తోచలే.
కవర్ల పెట్టి, పైన మొయిన్ పేరు రాసి,
అంటించబోయి ఆగి
వచ్చే మూఢం ఎప్పుడో
క్యాలెండర్ తిప్పిన.